పద్దెనిమిది గంటల వెలుగు

ఆ ఏడు ఏప్రిల్ నుంచి జూన్ దాకా అజ్మాన్‌లో ఒక గదిలో ఉన్న ఎనిమిది మొక్కలకు పొద్దు ఎప్పుడు పొడవాలో, ఎప్పుడు వాలాలో చెప్పింది నేనే. సాయంత్రం ఐదింటికి వాటికి తెల్లారేది. మర్నాడు పదకొండింటికి చీకటి పడేది. బయట ఎండ నిప్పులు చెరిగే వేళకు అవి హాయిగా నిద్రపోయేవి. అలా పెట్టమన్నదీ నేనే, బాగా ఎదుగుతున్నాయని మురిసిపోయిందీ నేనే. ఇప్పుడు తలుచుకుంటే, చేసిన పనికంటే ఆ మురిపానికే ఎక్కువ సిగ్గేస్తుంది.

నా పేరు మాణిక్యం. మాది కడియం పక్కన ఒక పల్లె. ఊహ తెలిసినప్పటి నుంచి నర్సరీల్లోనే పనిచేశాను. కవర్లలో మట్టి నింపడం, అంట్లు కట్టడం, చామంతి పిలకలు నాటడం తప్ప నాకు వేరే చదువు లేదు. దుబాయ్ అంటూ ఈ దేశం వచ్చాక ఈ చేతులకు మాపుకర్ర తప్ప ఇంకోటి దొరకలేదు. రెండువేల ఇరవై మూడులో నేనొక క్లీనింగ్ కంపెనీ వీసా మీద ఉన్నాను. కంపెనీ వ్యాను పొద్దున్నే మా ఆడవాళ్ళను ఎక్కించుకుని ఒక్కొక్కరినీ ఒక్కో ఇంటి దగ్గర దింపేది. మా ఆయన అంజిబాబుది ఖోర్ ఫక్కాన్ రేవులో పని. ఆదివారం ఒక్కరోజు అజ్మాన్‌లో నేనుండే, చెక్కలతో విడదీసిన చిన్న గదికి వచ్చి పోయేవాడు. మా అమ్మాయి ఊళ్ళో మా అక్క దగ్గర ఉండి పదో తరగతి చదువుతోంది.

నాకిచ్చిన ఇళ్ళలో విక్రమ్ బాబు ఫ్లాటు ఒకటి. విజయవాడ అబ్బాయి, ముప్పై దాటలేదు, ఏదో కంప్యూటరు ఉద్యోగం. వారంలో సగం రోజులు ఇంట్లోనే కూర్చుని పనిచేసేవాడు. కళ్ళ కింద ఎప్పుడూ నల్లగా ఉండేది. నిద్ర పట్టదనేవాడు. నన్ను అక్కా అని పిలిచేవాడు, నేను భోంచేశాకే తను కంచం ముందు కూర్చునేవాడు. చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం నాకు సులువయ్యేది.

ఏప్రిల్‌లో ఒకరోజు నేను వంటగది తుడుస్తుంటే వచ్చి నిలబడ్డాడు.

“అక్కా, మీది కడియం అన్నావు కదా. ఒకటి చూసి చెప్తావా?”

ఎప్పుడూ తాళం వేసి ఉండే లోపలి గది తలుపు తీశాడు. కిటికీకి నల్లటి గుడ్డ కట్టి ఉంది. మధ్యలో మనిషెత్తు గుడారం, దాని లోపలంతా వెండిరంగు. పైనుంచి దీపం. కింద చిన్న చిన్న కుండీల్లో ఎనిమిది మొక్కలు. జానెడు కూడా లేవు. ఆకులు అంచులు పైకి ముడుచుకుని, జ్వరం వచ్చిన పిల్లల్లా ఉన్నాయి.

“ఇది గోగులో ఒక రకం అక్కా. నార తీసేది. ఇక్కడ ఒక కంపెనీ వాళ్ళు ఇంట్లో పెంచి చూడమన్నారు. పోటీ కంపెనీలుంటాయి, బయట చెప్పకు.”

ఆకు చూశాను. గోగాకులాగే వేళ్ళు చాపినట్టుంది. అంచున రంపపు పళ్ళు ఎక్కువగా ఉన్నాయి. విదేశీ రకం కాబోలనుకున్నాను. నర్సరీలో ఏటా పేరు తెలియని మొక్క ఏదో ఒకటి లారీ దిగేది. ఎక్కడిదని మేమెప్పుడూ అడగలేదు. బతికించమంటే బతికించేవాళ్ళం.

“దీపం ఎప్పుడు ఆర్పుతారు బాబూ?” అన్నాను.

“ఆర్పను. ఇరవై నాలుగ్గంటలూ ఉంటుంది. ఎంత వెలుగుంటే అంత ఎదుగుతాయి కదా.”

నాకు నవ్వొచ్చింది. “మిమ్మల్ని వారం రోజులు పడుకోనివ్వకుండా మేపితే లావవుతారా బాబూ? మొక్క తిన్నది ఒంటపట్టేది చీకట్లోనేనండి.”

అతను కూడా నవ్వాడు. నవ్వి, ఫోను తీసి నేను చెప్పేది రాసుకున్నాడు. ఈ దేశం వచ్చిన నాలుగేళ్ళలో నేను చెప్పింది ఒకరు రాసుకోవడం అదే మొదలు. ఇంక నా నోటికి అడ్డు లేకుండా పోయింది.

“మాకాడ చామంతి మళ్ళ మీద రాత్రిపూట బల్బులు కడతారండి. రాత్రి పొడుగైతే మొక్క పూతకొచ్చేత్తది. ఎదగకుండా పూతకొత్తే ఇంకెందుకు? అందుకని బల్బులేసి రాత్రిని కోసేత్తాం. కోసేత్తాం గానీ పూర్తిగా తీసెయ్యం. గోగు కూడా అంతే, పొద్దు కురచైతే పూసేత్తది.”

“అయితే ఎన్ని గంటలు పెట్టమంటావు?”

మొదట ఇరవై పెట్టి చూశాం. వారానికి ఆకుల ముడత సగమే విడింది. అప్పుడు పద్దెనిమిదికి దించమన్నాను. చీకటి ఆరు గంటలూ మిట్టమధ్యాహ్నం వచ్చేటట్టు పెట్టమన్నాను. ఆ వేళలో ఎసి ఎంత మొత్తుకున్నా గది చల్లబడదు, దానికి తోడు దీపం వేడి ఎందుకని. గోడకున్న టైమరులో గంటల పళ్ళు నేనే నొక్కాను. నాలుగు రోజులకు ఆకులు చాపలా విచ్చుకున్నాయి. పదకొండింటికి దీపం ఆరే ముందు వాటంతట అవే కొంచెం కిందికి వాలేవి. నిద్రవేళ తెలిసిందన్నమాట. అది చూసినప్పుడల్లా నాకు కడుపు నిండినట్టుండేది.

ఏప్రిల్ ఇరవై నాలుగున వాటిని పెద్ద కుండీల్లోకి మార్చాను. ఆ రోజే ఇంకో పని కూడా చేశాను. మా నర్సరీలో ఒక అలవాటుంది. మడి ఎవరు పెడితే వాళ్ళ పేరూ, పెట్టిన తేదీ రాసి మట్టిలో గుచ్చాలి. మొక్క చచ్చిపోతే అడగడానికి ఒక మనిషి కావాలంటాడు మా షావుకారు. పేరు గుచ్చని మడి నాకు అనాథలా కనిపిస్తుంది. ఖాళీ లబన్ మజ్జిగ సీసాను కత్తిరించి ఎనిమిది పట్టీలు చేశాను. ఒక్కోదాని మీద మార్కరుతో తెలుగులో ‘మాణిక్యం, 24-4’ అని రాసి ఎనిమిది కుండీల్లోనూ గుచ్చాను. ఎవరూ చెప్పలేదు. అలవాటు చొప్పున చేతులు చేసేశాయి.

మే నెలంతా నేను సంతోషంగా ఉన్నాను. ఆ ఇంటికి వెళ్ళే రోజు కోసం చూసేదాన్ని. మూడు రోజులకో కణుపు వేస్తున్నాయి. కుండీ మార్చిన రోజు అడుగున రెండు కణుపుల్లో ఆకులు గిల్లాను, వెళ్ళినప్పుడల్లా వేలితో వాటి పైనుంచి లెక్కపెట్టేదాన్ని. నెలాఖరుకు పన్నెండు కణుపులు.

అప్పుడు వాసన మొదలైంది. గోగుకు ఆ వాసన లేదు. వేళ్ళకు జిగురు అంటుకుంటోంది. గోగుకు జిగురు లేదు. ఒకరోజు లేత ఆకు తుంచి నాలుక మీద పెట్టుకున్నాను. నార గోగైనా సరే, ఏ రకమైనా సరే, గోగన్నాక నాలుకకు పులుపు తగలాలి. ఆ ఆకులో పులుపు లేదు. చేదుగా, నూనెగా ఉంది.

ఇదేం రకమో మా ఆయనకు చూపిద్దామనుకున్నాను. ఒక ఆకు కోసి, రుమాలులో చుట్టి, టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, ఏడుగురు ఆడవాళ్ళ మధ్య కంపెనీ వ్యానులో కూర్చుని గదికి వచ్చాను. దారిలో ట్రాఫిక్ పోలీసు మా వ్యాను ఆపి డ్రైవరు కాగితాలు చూశాడు. నేను డబ్బా ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి అతన్నే చూస్తూ కూర్చున్నాను. ఆ ఐదు నిమిషాలు ఇప్పటికీ నా కలలోకి వస్తాయి.

ఆదివారం అంజిబాబు భోజనం చేసి చేయి కడుక్కున్నాక రుమాలు విప్పాను.

“ఇది చూడు మావా. గోగంటున్నాడు విక్రమ్ బాబు. పులుపే లేదు.”

అంజిబాబు పెళ్ళికి ముందు నర్సీపట్నం వైపు రెండేళ్ళు లారీ క్లీనరుగా తిరిగాడు. ఆకు వంక ఒక్కసారే చూశాడు. లేచి తలుపు గడియ వేసి వచ్చాడు.

“ఎక్కడ కోసేవే ఇది?” అన్నాడు. గొంతు చాలా చిన్నగా ఉంది.

“ఆయనింట్లో. ఎనిమిది ఉన్నాయి. నేనే పెంచుతున్నా.”

“గంజాయే ఇది మాణిక్యం.”

నేను నవ్వబోయాను. అతని మొహం చూశాక నవ్వు రాలేదు. మంచం మీద కూర్చుండిపోయాను. ఈ దేశంలో పక్కవాడి సంచిలో చిటికెడు దొరికినా ఏమవుతుందో వ్యానులో ఆడవాళ్ళు ఎన్నిసార్లు చెప్పుకున్నారో నాకు తెలుసు. అంజిబాబు ఆకును నలిపి పాయిఖానాలో వేసి నాలుగుసార్లు నీళ్ళు కొట్టాడు. రుమాలు, టిఫిన్ డబ్బా, నా చేతులు, తన చేతులు డెట్టాల్‌తో కడిగాడు.

“ఆ ఇంట్లో నీ గురుతులేమన్నా ఉన్నాయా?”

పట్టీల సంగతి చెప్పాను. నన్ను కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. గోడకు ఆనుకుని కింద కూర్చుని రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

“ఎనిమిదింటికీ పేరు రాసేవా? తారీకులతో సహా?”

“మడికి పేరెట్టకపోతే ఎలాగనీ...”

“మడి” అన్నాడు అంజిబాబు. అంతే అన్నాడు.

ఆ సాయంత్రం అతను నా మంచం మీద కూర్చోలేదు. రేవు గేటు దగ్గర కుక్కలుంటాయి. పనివాళ్ళ సంచులు, బట్టలు వాసన చూస్తాయి. నా గదిలోకి వచ్చిన చొక్కా వేసుకుని వాటి ముందు నిలబడాలంటే అతనికి వణుకు పుట్టింది. బజారుకు పోయి కొత్త చొక్కా కొనుక్కుని, దాన్ని వీధిలోనే తొడుక్కుని బస్సెక్కాడు. పాతది చెత్తబుట్టలో వేశాడు. పోతూ ఒకటే చెప్పాడు.

“నీ పేరు పీక్కుని రా. తరవాత ఆ ఇంటి గుమ్మం తొక్కకు. ఎవురితో ఏమీ అనకు. ఖలాస్.”

సోమవారం నేను వెళ్ళేసరికి పదకొండు దాటింది. విక్రమ్ బాబు హాల్లో ఫోనులో ఆఫీసు మాటలు మాట్లాడుతున్నాడు. తాళంచెవి ఎక్కడుంటుందో నాకు తెలుసు. లోపలికి వెళ్ళి గుడారం తెరిచాను. చీకటి. ఫోను లైటు వేయబోయి చేయి ఆగిపోయింది. నిద్రపోయే వేళ వెలుగు చూపిస్తే మొక్క బెదురుతుంది కదా అనుకున్నాను. నా బతుకు బుగ్గవుతుంటే మొక్కల నిద్ర గురించి ఆలోచిస్తున్నానని తెలిసి, నా మీద నాకే అసహ్యం వేసింది. లైటు వేశాను. ఒక్కొక్క కుండీలో వేలు పెట్టి పట్టీలు పీకాను. ఎనిమిదీ లెక్కపెట్టి జాకెట్లో దోపుకున్నాను.

వెనక్కి తిరిగితే విక్రమ్ బాబు గుమ్మంలో ఉన్నాడు.

“చీకట్లో ఏం చేస్తున్నావక్కా?”

“బాబూ, ఇది గోగు కాదు.”

అతను గదిలోకి వచ్చి తలుపు వేశాడు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. కానీ అతను నాకంటే ఎక్కువ భయపడ్డాడు. గోడ పట్టుకుని నిలబడ్డాడు.

“ఎవరికైనా చెప్పావా?”

“లేదండి. మీరు పీకెయ్యండి బాబూ. ఇప్పుడే పీకెయ్యండి, నేను కూడా చెయ్యేత్తాను.”

“ఇంకొక్క నెల అక్కా. వెలుగు పన్నెండు గంటలకి తగ్గిస్తే పూతకొచ్చేస్తాయి. తర్వాత ఒక్కటి కూడా ఉండదు, ఒట్టు. నాకోసమే, అమ్మడానికి కాదు. నాకు నిద్ర కావాలక్కా, అంతే.”

“నేను రేపట్నించి రానండి.”

“సరే” అన్నాడు. “నువ్వేం చూడలేదు, నేనేం చెప్పలేదు” అన్నాడు. ఆ మాట నా రక్షణకు అన్నాడో, తన రక్షణకు అన్నాడో నాకు తెలియదు.

పట్టీలను ఆ రాత్రే కత్తెరతో మినప్పప్పంత ముక్కలు చేశాను. నాలుగు వీధుల్లో నాలుగు చెత్తబుట్టల్లో వేశాను. వాటి మీద నా పేరే కాదు, ఒకరోజు ఇంకొకరికి పనికొచ్చే తేదీ కూడా ఉందని నాకు తోచలేదు.

కంపెనీలో ఇల్లు వదులుకోవడం మన చేతుల్లో ఉండదు. ఇంకొకరు ఆ ఇంటికి ఒప్పుకుంటేనే మా ముదీర్, అంటే మేనేజరు, మారుస్తాడు. ఆ వారమే బేబీ అని కొత్తగా ఒకమ్మాయి వచ్చింది, ద్రాక్షారామం దగ్గర ఊరు. జూన్ ఐదున విమానం దిగింది. ఇద్దరు చిన్నపిల్లల్ని మొగుడి దగ్గర వదిలి వచ్చింది. ఆమెకు షార్జాలో మూడంతస్తుల విల్లా పడింది. పదకొండు మంది మనుషులు, మెట్లే మెట్లు. రెండోరోజు వ్యానులో కూర్చుని మోకాళ్ళు పట్టుకుని ఏడుస్తోంది.

“నా ఇల్లు తీసుకో” అన్నాను. “ఒక్కడే మనిషి, చిన్న ఫ్లాటు. నీ విల్లాకి నేనెళ్తాను.”

వ్యానులో ఆడవాళ్ళందరూ నన్ను మెచ్చుకున్నారు. బేబీ నా చేయి పట్టుకుని కళ్ళకద్దుకుంది. మర్నాడు ఊరినుంచి తెచ్చుకున్న ఎండురొయ్యల పొట్లం నా ఒళ్ళో పెట్టింది. వద్దంటే వినలేదు.

“ఆ ఇంట్లో లోపలి గదొకటుంది” అన్నాను. “అందులోకెళ్ళకు. తలుపు తీయమన్నా తీయకు.”

“ఏంటక్కా ఉంది?”

“మొక్కలు. ఆ దుమ్ము నాకు పడలేదు. నీకూ పడదు.”

అంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే బేబీ భయపడి ఇంకొకరికి చెబుతుంది, ఆ ఇంకొకరు ముదీర్‌కు చెబుతారు, ముదీర్ పోలీసులకు చెబుతాడు. పోలీసులు వస్తే నన్నే అడుగుతారు. నా లెక్క అక్కడితో ఆగిపోయింది. జూన్ పన్నెండున బేబీ ఆ ఇంట్లో అడుగుపెట్టింది.

ఆ తర్వాత మూడు వారాలు నేను మెట్లు తుడుస్తూ బతికాను. వీధిలో పోలీసు కారు నెమ్మదిస్తే బకెట్ కింద పెట్టేసి గోడవైపు తిరిగేదాన్ని. బట్టలు మూడేసిసార్లు ఉతికినా వేళ్ళకు ఆ జిగురు వాసన ఉన్నట్టే ఉండేది. బేబీ మాత్రం రోజూ వ్యానులో నవ్వుతూ ఎక్కేది. విక్రమ్ బాబు చాలా మంచివాడక్కా అనేది. నేను కిటికీలోకి చూసేదాన్ని.

జూలై మూడున సాయంత్రం వ్యాను ఆ బిల్డింగు ముందు ఆగింది. బేబీ దిగి రాలేదు. డ్రైవరు ఫోను చేశాడు, ఎత్తలేదు. పావుగంట తర్వాత వాచ్‌మన్ వచ్చి హిందీలో చెప్పాడు. పక్క ఫ్లాటువాళ్ళు వాసన వస్తోందని ఫిర్యాదు చేశారట. మధ్యాహ్నం పోలీసులు వచ్చి ఇద్దరినీ తీసుకుపోయారట. విక్రమ్ బాబు ఆఫీసు పనిలో ఉండి మొక్కలకు నీళ్ళు పోయమన్నాడట. పోలీసులు లోపలి గదిలోకి వెళ్ళేసరికి బేబీ చేతిలో నీళ్ళ డబ్బా ఉందట.

నేను బేబీ కూర్చునే ఖాళీ సీటు పక్కన కూర్చున్నాను. నాకు ముందు కలిగింది బాధ కాదు. నేను దొరకలేదు అన్న ఊరట. ఆ ఊరటను నేను దాచుకోదలచుకోలేదు, ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

ముదీర్ మర్నాడు మమ్మల్నందరినీ నిలబెట్టి, కంపెనీకి దీంతో సంబంధం లేదని, ఎవరూ నోరెత్తొద్దని చెప్పాడు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నెల రోజులు గడిచాయి.

ఆగస్టు మొదట్లో ఊరి నంబరు నుంచి ఫోను వచ్చింది. బేబీ మొగుడు అబ్బులు. ఎవరినో పట్టుకుని నా నంబరు సంపాదించాడు.

“అక్కా, మీరు మా బేబీకి మంచి ఇల్లు ఇప్పిచ్చేరంట కదండి” అన్నాడు. “అది జైల్లోంచి రెండుసార్లు మాట్లాడింది. మొక్కలు ఇదే పెంచిందని రాసేరంటండి. ఆ అబ్బాయేమో పనిమనిషే చూసుకునేది అన్నాడంట. ఏ పనిమనిషో చెప్పలేదంట. ఇది లేనప్పుడే ఆ మొక్కలున్నాయని ఎవరన్నా చెప్తే తప్ప వదలరని లాయరుగారు అన్నారు. మీరు అంతకుముందు చేసేరు కదా. మీరేవన్నా చూసేరా అక్కా?”

నేను ఫోను చెవికి ఆనించుకుని నిలబడ్డాను. వెనకాల చిన్నపిల్ల ఎవరో అన్నం వద్దని మారాం చేస్తోంది.

“నేను చూళ్ళేదు అబ్బాయ్” అన్నాను.

“అదీ అదే అందండి. అక్కకేం తెలీదు, అక్కనేం అడగొద్దు, దుమ్ము పడక మానేసింది అంది. మీ పేరు అక్కడ చెప్పలేదండి. ఊరికే ఆశకొద్దీ అడిగేను. ఏమీ అనుకోకండి.”

ఫోను పెట్టేశాక నేను అన్నం వండుకున్నాను, తిన్నాను, అంట్లు తోముకున్నాను. పడుకుంటే నిద్ర పట్టలేదు. మొక్కలున్నాయని బేబీకి చెప్పింది నేనే. దుమ్ము పడక మానేశానన్న నా అబద్ధాన్నే ఆమె జైల్లో కూర్చుని కూడా నా కోసం కాపాడుతోంది. ఆమెకు అనుమానం రాలేదా? వచ్చే ఉంటుంది. అయినా నా పేరు ఎత్తలేదు. పట్టీలుండి ఉంటే వాటి మీద తేదీ ఉండేది. ఏప్రిల్ ఇరవై నాలుగు. బేబీ ఈ దేశంలో దిగడానికి నలభై రెండు రోజుల ముందు. ఆమెను బయటికి తెచ్చే ఒక్క సాక్ష్యాన్నీ నేను మినప్పప్పంత ముక్కలు చేసి పారేశాను.

ఆదివారం అంజిబాబుతో చెప్పాను. అతను కోపంతో లేచి నిలబడ్డాడు.

“నీకేమన్నా పిచ్చా? నువ్వెళ్తే వాళ్ళు ఆ పిల్లని వదిలి నిన్ను పట్టుకుంటారు. ఒకర్ని పంపి ఇంకోర్ని తెచ్చుకోడానికా? మన పిల్లకెవరే?”

“తన పిల్లలకెవరు మావా?”

“వాళ్ళకి అబ్బులున్నాడు.”

“మన పిల్లకి నువ్వున్నావు.”

అతను సాయంత్రం బస్సెక్కడానికి వెళ్ళి, అరగంటకు మళ్ళీ తిరిగి వచ్చాడు. రేవులో తన ముదీర్‌కు ఫోను చేసి రెండు రోజులు సెలవు అడిగానన్నాడు. “ఒక్కదానివీ ఎలా ఎళ్తావు” అన్నాడు. భయం పోయి వెళ్ళానని అనుకోకండి. పొద్దున్న చీర కుచ్చిళ్ళు పెట్టుకుంటుంటే మూడుసార్లు జారిపోయాయి. అంజిబాబే వంగి సర్ది పెట్టాడు.

పోలీసు స్టేషనులో చల్లగా ఉంది. అంజిబాబును బయట కూర్చోబెట్టారు. లోపల బల్లకు అవతల ఒక అధికారి, ఇవతల తర్జుమా చేయడానికి ఖాదర్ హుస్సేన్ అనే పెద్దాయన. హైదరాబాదు మనిషి, గడ్డం నెరిసింది. నాకు మంచినీళ్ళు తెప్పించాడు. బేబీకి ముందు ఆ ఇంట్లో పనిచేసింది నేనేనని, మొక్కలు అప్పటికే ఉన్నాయని చెప్పాను. ఆయన అరబ్బీలో చెప్పాడు. అధికారి తలెత్తకుండా ఏదో అడిగాడు.

“అప్పుడున్నయి ఇవే మొక్కలని ఏం గ్యారంటీ అంటుండు అమ్మా. అవి తీసేసి కొత్తవి పెట్టి ఉండొచ్చు కదా, దీపాల కింద తొందరగ పెరుగుతయి కదా అంటుండు.”

“ఫొటోలుంటే చూపించమనండి.”

అధికారి దస్త్రంలోంచి ఒక ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు. ఎనిమిది మొక్కలు, గుడారం గుడ్డ పక్కకు తీసి ఉంది. నా నడుము దాకా వచ్చి ఉంటాయి. ఇంకా పూతకు రాలేదు. అంటే విక్రమ్ బాబు వెలుగు తగ్గించలేదు. ధైర్యం చాల్లేదో, నేను లేక ఏం చేయాలో తోచలేదో. ముందున్న మొక్క మీద వేలు పెట్టి కింది నుంచి లెక్కపెట్టాను. అడుగున రెండు కణుపుల్లో ఆకులు గిల్లిన మచ్చలున్నాయి. గిల్లింది నేనే. వాటి పైనుంచి రెండోసారి కూడా లెక్కపెట్టాను.

“ఇరవై రెండు కణుపులండి” అన్నాను. “మూడు రోజులకో కణుపు, కొంచెం అటూ ఇటూ. అంటే దగ్గర దగ్గర డెబ్బై రోజుల ఎదుగుదల. పట్టుకున్నది జూలై మూడునండి. ఎనక్కి లెక్కెయ్యండి, ఏప్రిల్ ఆఖరు. ఆ పిల్ల ఈ దేశంలో దిగింది జూన్ అయిదున. ఇరవై ఎనిమిది రోజుల్లో తొమ్మిదో పదో కణుపులేత్తాయి గానీ ఇరవై రెండు ఎయ్యవు.”

ఖాదర్ హుస్సేన్ మెల్లగా చెప్పాడు. అధికారి ఈసారి తలెత్తి నన్ను చూశాడు. ఫొటో తనవైపు తిప్పుకుని తను కూడా పెన్నుతో కణుపులు లెక్కపెట్టాడు. తర్వాత ఒకే ఒక్క మాట అడిగాడు.

“మూడు రోజులకే ఒక కణుపు అని ఎట్ల తెలుసు అంటుండు. వెలుగు ఎక్కువ తక్కువైతే లెక్క మారదా అంటుండు.”

“మారుద్దండి. అందుకే చెప్తున్నా. వీటికి రోజుకి పద్దెనిమిది గంటల వెలుగు, ఆరు గంటల చీకటి. ఏప్రిల్ ఆఖరు నుంచీ అదే.”

“అది నీకెట్ల తెలుసు అమ్మా?” ఇది అధికారి అడగలేదు. ఖాదర్ హుస్సేనే అడిగాడు, గొంతు తగ్గించి.

“ఆ గంటలు పెట్టింది నేనేనండి.”

ఆయన అరబ్బీలోకి మార్చలేదు. అధికారి పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఖాదర్ హుస్సేన్ నా వైపు కొంచెం వంగాడు. ఆయన కళ్ళలో కూడా భయం ఉంది, నా కోసం.

“అమ్మా, జర ఆలోచించుకో. ఇది నేను చెప్పిన్నంటే నువ్వు ఈ తలుపులకెల్లి బయటికి పోవు. చెప్పినంక వాపస్ తీసుకోనీకి రాదు. ఆయనకింకా తెల్వదు. చెప్పాల్నా?”

తలుపు అద్దంలోంచి అంజిబాబు కనిపిస్తున్నాడు. నా సంచి ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. మంచినీళ్ళ గ్లాసు చేతిలోకి తీసుకున్నాను. దాన్ని బల్ల మీద పెట్టేశాను.

“చెప్పండి” అన్నాను. “పద్దెనిమిదని గట్టిగా చెప్పండి బాబూ. ఆయన ఇరవై నాలుగని రాసుకుంటే లెక్క తప్పి ఆ పిల్ల బయటికి రాదు.”